త్యాగం చాటున వృత్తి: మహమ్మారి కథనాల్లో వైద్యసిబ్బందికి సోకే వ్యాధి

వ్యాససంగ్రహం

మహమ్మారి కాలంలో రోగులను ముట్టుకొని పనిచేసేవారికి వ్యాధి సోకడం వృత్తిగతమైన ప్రమాదం. సాహిత్యం, ప్రజావ్యవహారం దానిని ఎక్కువగా త్యాగంగా, వీరత్వంగా, విధిగా చెప్పుకొంటూ వచ్చాయి. ఉర్దూ కథకుడు రాజిందర్ సింగ్ బేడీ 'క్వారంటీన్' కథను, ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ 'ప్లేగు' నవలను ఈ కోణంలో చదివి, ఆ పఠనం వెలుగులో 2020 నాటి తెలుగు వ్యవహారంలోని కొన్ని మాటలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రశంస పెరిగినచోట బాధ్యత ఎవరిదన్న ప్రశ్న పలచబడుతుందని, ఈ రెండు రచనలూ ఆ సంగతిని వేర్వేరు పాళ్లలో గుర్తించాయని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మహమ్మారి సాహిత్యం, వృత్తిగత వ్యాధి, పారిశుద్ధ్య కార్మికులు, అంటు, త్యాగభావన, బేడీ, కామూ.

1. ప్రవేశిక

గనిలో పైకప్పు కూలి కార్మికుడు చనిపోతే దానిని ప్రమాదం అంటాం. గని యాజమాన్యం ఏ జాగ్రత్త తీసుకోలేదో విచారిస్తాం. ఆసుపత్రిలో రోగికి ఊపిరి గొట్టం అమర్చిన నర్సుకు అదే రోగం సోకి ఆమె చనిపోతే మాత్రం ఆ మరణాన్ని త్యాగం అంటాం. రెండు సందర్భాల్లోనూ మనిషి పనిచేస్తున్నచోట, ఆ పని కారణంగానే చనిపోయారు. మాట మారగానే తరవాత అడగవలసిన ప్రశ్న కూడా మారిపోతుంది. ప్రమాదం అన్నప్పుడు 'ఎందుకు జరిగింది' అని అడుగుతాం. త్యాగం అన్నప్పుడు 'ఎంత గొప్పది' అని మాత్రమే అడుగుతాం.

కోవిడ్ కాలంలో ఈ తేడా చిన్నది కాదు. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచవ్యాప్తంగా 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మంది వైద్యసిబ్బంది కోవిడ్‌తో మరణించి ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అంచనాలోని ఈ ఎడమే ఒక విషయం చెబుతోంది. చనిపోయినవారిని పనివారుగా లెక్కపెట్టే ఏర్పాటు చాలా దేశాల్లో సరిగా లేదు. ప్రమాదం కొత్తదేమీ కాదు. 2003లో సార్స్ వ్యాధి ముగిసేనాటికి నమోదైన 8,096 కేసుల్లో 1,706 మంది, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు వైద్యసిబ్బందే. పదిహేడేళ్ల తరవాత వచ్చిన మహమ్మారికి ఆ అంకె ముందస్తు హెచ్చరికగా అందుబాటులోనే ఉంది.

ఈ ప్రమాదాన్ని వైద్యశాస్త్రం ఎలా వివరించిందన్నది ఇక్కడి విషయం కాదు. భాష, సాహిత్యం దానికి ఏ ఆకారం ఇచ్చాయన్నదే ఇక్కడి విషయం. రోగం చుట్టూ అల్లుకొనే సైనిక రూపకాలు రోగికి చేసే హానిని సుసాన్ సాంటాగ్ 1978లోనే తన 'ఇల్‌నెస్ ఆజ్ మెటఫర్' గ్రంథంలో చర్చించారు. ఆమె దృష్టి మంచం మీది మనిషి మీద నిలిచింది. అదే చూపును మంచం పక్కన నిలబడిన మనిషి వైపు తిప్పడం అవసరం.

2. 'అంటు' అనే మాట

తెలుగులో ఈ చర్చ 'అంటు' అనే చిన్నమాట దగ్గర మొదలుకావాలి. అంటువ్యాధి, అంటరానితనం, అంట్లగిన్నెలు, అంటుమామిడి అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తాకడం, తగులుకోవడం దాని మూలార్థం. నిప్పు అంటుకుంటుంది, రోగం అంటుకుంటుంది, మైల అంటుకుంటుంది. సూక్ష్మజీవి సంగతి తెలియక ముందు నుంచే తెలుగు సమాజం దగ్గర సంపర్కాన్ని గురించిన పదజాలం సిద్ధంగా ఉంది. ఆ పదజాలంలో రోగభయమూ కులభయమూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి.

దీని పర్యవసానం పనుల పంపకంలో కనిపిస్తుంది. ఏది అంటుతుందో దానిని ముట్టుకొనే పని, ఎవరిని అంటకూడదో వారికే అప్పగించబడింది. పురుడు పోసిన మంత్రసాని, మైలబట్టలు ఉతికిన చాకలి, శవాన్ని మోసి కాటి దగ్గర పనిచేసినవారు అందరూ ఈ ఏర్పాటులో భాగమే. అమ్మవారు సోకిందని ఊరు జాతర చేసినప్పుడు రాత్రివేళ పొలిమేరల వెంట పొలి చల్లి, రోగాన్ని ఊరు దాటించే బాధ్యత కూడా ఊరి బయట నివసించేవారిదే. రోగం ఊళ్లో నుంచి పోవాలి. దానిని పట్టుకొని వెళ్లే మనిషి ఎక్కడికి పోతాడన్నది ఆ క్రతువు పట్టించుకోని ప్రశ్న.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏమొచ్చినా పట్టాల్సిందే అన్న అర్థంలో తెలుగులో ఒక సామెత వాడుకలో ఉంది. ఏ పనికైనా ఒప్పుకున్నాక అందులోని కష్టాన్ని గొణక్కుండా భరించాలని చెప్పడానికి దీనిని వాడతారు. జాగ్రత్తగా చూస్తే ఈ సామెతలో వృత్తిగత ప్రమాదాన్ని గురించిన ఒక పూర్తి సిద్ధాంతం ఉంది. పనికి ఒప్పుకోవడమంటే ప్రమాదానికి కూడా ఒప్పుకోవడమే అన్నది ఆ సిద్ధాంతం. మంత్రసాని నిజంగా ఒప్పుకుందా, కాదనే వీలు ఆమెకు ఉందా అని సామెత అడగదు. చేతికి తొడుగు ఇవ్వవలసింది ఎవరని అంతకన్నా అడగదు. మహమ్మారి కాలంలో వైద్యసిబ్బందిని గురించి మాట్లాడిన మాటల్లో చాలావాటికి ఈ సామెతే పునాది.

3. బేడీ కథ: సున్నం, చీపురు, పూలదండ

రాజిందర్ సింగ్ బేడీ (1915–1984) లాహోరులో తపాలా గుమాస్తాగా పనిచేస్తూ కథారచన ప్రారంభించిన రచయిత. 'క్వారంటీన్' ఆయన తొలి సంపుటి 'దానా-ఓ-దామ్'లోని కథ. ప్లేగు సోకిన నగరంలో పనిచేసే ఒక వైద్యుడు కథ చెబుతాడు. కథలో నిలిచే మనిషి మాత్రం భాగూ. వీధులు ఊడ్చే పనివాడు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు.

కథ మొదట్లోనే బేడీ ఒక తలకిందుల వాస్తవాన్ని పెడతాడు. జనం ప్లేగుకన్నా క్వారంటీనుకే ఎక్కువ భయపడుతున్నారు. అక్కడ పోతున్న ప్రాణాలు రోగం వల్లనే కాక ఆ ఏర్పాటు వల్ల కూడా పోతున్నాయని వైద్యుడే ఒప్పుకుంటాడు. ఆ తరవాత ఇద్దరి దినచర్యలు పక్కపక్కన నడుస్తాయి. వైద్యుడు క్వారంటీను నుంచి ఇంటికి వచ్చి క్రిమిసంహారక ద్రవంతో పుక్కిలిస్తాడు, చేతులు కడుక్కుంటాడు, వేడివేడి కాఫీయో బ్రాందీయో తాగుతాడు, గొంతులో ఏ కాస్త తేడా తోచినా బెంబేలెత్తుతాడు. భాగూ తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, సగం సీసా సారా తాగి, కమిటీవారు చెప్పిన ప్రకారం వీధుల్లో, కాలువల్లో సున్నం చల్లుతాడు. శవాలను ఎత్తుతాడు. ఆ పైన క్వారంటీనులో రోగుల దగ్గర ఉంటాడు.

ఇద్దరి ప్రమాదం ఒకటే, రక్షణ ఒకటి కాదు. విమర్శకులు సాధారణంగా వైద్యుని పిరికితనాన్ని, భాగూ ధైర్యాన్ని పోల్చి ఈ కథను చదువుతారు. ఆ పోలికను బేడీయే చేయిస్తాడు కాబట్టి అది తప్పు పఠనం కాదు, అసంపూర్ణ పఠనం. వైద్యుని దగ్గర ఉన్నది పిరికితనం ఒక్కటే కాదు. క్రిమి అంటే ఏమిటో తెలిసిన చదువు, దానిని కడుక్కొనే ద్రవం, కడుక్కోవడానికి ఒక ఇల్లు, తీరిక కూడా ఆయనకు ఉన్నాయి. భాగూ దగ్గర ఉన్నది సారా, విశ్వాసం. వైద్యుడు చేతులు కడుక్కోవడం శాస్త్రం దృష్టిలో సరైన పని. సిగ్గుపడవలసింది ఆ కడుక్కొనే వసతి భాగూదాకా రాకపోవడం గురించి. కథకుడైన వైద్యుడు మాత్రం తన జాగ్రత్తను చూసి సిగ్గుపడతాడు, ఆ లోటును చూడడు. కథలోని సూక్ష్మమైన వ్యంగ్యం ఇక్కడ ఉంది. ఇది బేడీ ఉద్దేశించిన వ్యంగ్యమా కాదా అన్నదానికన్నా, పాఠ్యం దానికి చోటిచ్చిందన్నది ముఖ్యం.

శవాల గుట్టకు పెట్రోలు పోసి నిప్పంటించినప్పుడు అందులో ఒక మనిషి ఇంకా కదులుతుండటం చూసి భాగూ మంటలోకి దూకి అతన్ని బయటికి లాగుతాడు. అతని చెయ్యి కాలుతుంది. ఈ సన్నివేశం వీరత్వానికి పరాకాష్ఠగా పేరుపొందింది. దానిలోనే ఒక ఆసుపత్రి వైఫల్యం నగ్నంగా కనిపిస్తుంది. మనిషి చనిపోయాడో లేదో సరిగా చూడకుండా కాల్చే ఏర్పాటు అది. ఆ ఏర్పాటు చేసిన తప్పును ఒక పారిశుద్ధ్య కార్మికుడు తన చర్మంతో దిద్దుతున్నాడు. వీరత్వం అవసరమైన ప్రతిచోటా అంతకుముందు ఎక్కడో ఒక నిర్లక్ష్యం జరిగి ఉంటుందన్న సంగతికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మహమ్మారి సాహిత్యంలో అరుదు.

భాగూ భార్యకు ప్లేగు సోకుతుంది. అతను రాత్రివేళ సాయం కోసం వైద్యుని ఇంటికి వస్తాడు. వైద్యునికి మొదట కలిగేది తన ఇంటికి అంటు వచ్చిందన్న కోపం. కొంతసేపటికి తేరుకొని వెళతాడు, ఆమె దక్కదు. వృత్తిగత వ్యాధి పనివాడి ఒంటితో ఆగదని, అతని వెంట ఇంటికి నడిచి వస్తుందని ఈ ఘట్టం చెప్పకనే చెబుతుంది. పసిబిడ్డ ఉన్న ఆ ఇంటిలో తల్లి మరణాన్ని ఏ పత్రమూ విధినిర్వహణలో జరిగిన నష్టంగా రాసుకోదు.

చివరకు ప్లేగు తగ్గుతుంది. ఊరు సంబరం చేసుకుంటుంది. సన్మానం, పదోన్నతి, డబ్బుసంచి, పూలదండలు వైద్యునికి దక్కుతాయి. భాగూ వచ్చి ఆయనకు శుభాకాంక్షలు చెబుతాడు. ఈ ముగింపును చాలామంది వైద్యుని అంతరాత్మ మేల్కొన్న ఘట్టంగా మెచ్చుకున్నారు. అదే చోట కథ ఒక పరిమితిని కూడా తాకింది. లోకం గుర్తించకపోయినా నేను నిన్ను గుర్తించానన్న భావం దగ్గర వైద్యుడు ఆగిపోతాడు. భాగూకు నెలకు ఎంత వస్తుందో కథ పొడవునా మనకు తెలియదు. కాలిన చేతికి వైద్యం ఎవరు చేయించారో తెలియదు. తల్లిలేని బిడ్డ ఏమైందో తెలియదు. పశ్చాత్తాపం నిజమైనదే కావచ్చు, కాని అది పరిహారం కాదు. దండ మారవలసింది ఒక మెడ నుంచి మరొక మెడకు అని మాత్రమే కథ అనుకుంటున్నట్టు కనిపిస్తుంది.

4. కామూ నవల: అలసట, కూలి, పతకం

1947లో వెలువడిన కామూ 'ప్లేగు' అల్జీరియాలోని ఒరాన్ నగరం నేపథ్యంగా సాగుతుంది. ఫాసిజానికి ప్రతీకగా, అస్తిత్వవాద చింతనకు నిదర్శనంగా ఈ నవలను విస్తారంగా చర్చించారు. ప్లేగును ప్రతీకగా చదివే క్రమంలో నవలలోని ఆసుపత్రి పనిని ఉన్నది ఉన్నట్టు చదవడం తగ్గింది. పనిని పనిగా చూస్తే మూడు సంగతులు ప్రత్యేకంగా కనిపిస్తాయి.

మొదటిది అలసట. నాలుగవ భాగం ప్రారంభంలో వైద్యుడు రియూ, అతని సహచరులు తాము ఏర్పరచుకొన్న పరిశుభ్రతా నియమాలనే క్రమంగా నిర్లక్ష్యం చేయడం మొదలుపెడతారు. చేయవలసిన శుద్ధి చేసుకోరు. ఊపిరితిత్తుల ప్లేగు ఉన్న ఇంటికి వెళ్లవలసి వచ్చినప్పుడు ముందుజాగ్రత్త మందు వేయించుకోవడానికి వెనక్కి తిరిగి వెళ్లే ఓపిక కూడా ఉండదు. వారికి ధైర్యం పెరిగి ఇలా చేయడం లేదు. ఒంట్లో శక్తి తరిగిపోయి చేస్తున్నారు. వృత్తిగత సంక్రమణాన్ని గురించి సాహిత్యం చేసిన అతి సూక్ష్మమైన పరిశీలనల్లో ఇది ఒకటి. ప్రమాదం పనిగంటల్లో ఉంది. కోవిడ్ వార్డుల్లో రక్షణ దుస్తులు తొడుక్కొని గంటల తరబడి నీళ్లు తాగకుండా, మూత్రవిసర్జనకు వెళ్లకుండా పనిచేసిన నర్సులకు ఈ పేజీ కల్పనగా తోచదు. ఆ దుస్తులు వేసుకొనేటప్పటికన్నా విప్పేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. అలసిన చేతులు పొరపాటు చేసేది సరిగ్గా అప్పుడే.

ఇదే భాగంలో మాస్కు ప్రస్తావన ఒకటి వస్తుంది. దీనివల్ల ఉపయోగం ఉందా అని పాత్రికేయుడు రాంబేర్ అడిగితే, లేదు కాని ఎదుటివారికి భరోసా కలుగుతుందన్న అర్థంలో తారూ జవాబిస్తాడు. రక్షణ సామగ్రి ఒక్కోసారి రక్షణ కోసం కాక, రక్షణ ఉన్నదన్న దృశ్యం కోసం ఉంటుందని ఈ చిన్న సంభాషణ పట్టిస్తుంది.

రెండవది కూలి. శవాలను మోసేవారు, గోతులు తవ్వేవారు ఎందరో ప్లేగుకు బలైపోతారు. అయినా చివరిదాకా ఆ పనికి మనుషుల కొరత రాలేదని కథకుడు ఆశ్చర్యపోతూ, వెంటనే దాని కారణం కూడా చెబుతాడు. ప్లేగు నగర ఆర్థికవ్యవస్థను దెబ్బతీసి నిరుద్యోగులను తయారుచేసింది. భయంకన్నా పేదరికం బలమైనదని తేలింది. ప్రమాదాన్ని బట్టి కూలి ఇవ్వడంతో పేరు నమోదు చేసుకొని ఖాళీ కోసం ఎదురుచూసేవారు కూడా ఉన్నారు. ఖాళీ ఎలా ఏర్పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. ముందున్నవాడు చనిపోతేనే వెనకవాడికి పని దొరుకుతుంది. త్యాగమనే పదం ఈ మనుషులకు వర్తించదని కామూకు తెలుసు. మంత్రసాని సామెతలోని 'ఒప్పుకోవడం' వెనక ఆకలి ఉంటుందన్న సంగతిని నవల ఇక్కడ బయటపెట్టింది.

మూడవది పతకం. చెరసాలలో కాపలాదారులు విధుల్లో ఉండగా ప్లేగుతో చనిపోతారు. అధికారులు వారికి మరణానంతరం సైనిక పతకం ప్రకటిస్తారు. సైనిక వర్గాలకు అది నచ్చదు. యుద్ధంలో మరణానికీ రోగంతో మరణానికీ తేడా చెరిగిపోతుందని వారి అభ్యంతరం. దానితో మహమ్మారి పతకమని మరొకటి సృష్టిస్తారు. మహమ్మారి కాలంలో అది ఎవరికైనా దొరికేదే కాబట్టి దానికి విలువ ఉండదు. ఎవరికీ తృప్తి కలగదు. ఈ ఘట్టాన్ని కామూ హాస్యంగా రాశాడు. 2020 తరవాత చదివితే నవ్వు అంత తేలికగా రాదు.

సహాయక దళాలను గురించి కథకుడు తీసుకొన్న వైఖరి కూడా గమనించదగింది. వారిని అతిగా పొగడటానికి అతను నిరాకరిస్తాడు. రెండూ రెండూ నాలుగని బోధించే ఉపాధ్యాయుణ్ణి ఎవరూ వీరుడని పొగడరు కదా అన్నది అతని వాదన. మంచిపనిని అసాధారణంగా చూపితే, చెడు సాధారణమని ఒప్పుకున్నట్టవుతుందని అతని భయం. ప్రశంసను తగ్గించడం ద్వారా పనికి గౌరవం పెంచే ఈ పద్ధతి మహమ్మారి సాహిత్యంలో చాలా అరుదైనది.

5. రెండు రచనల తూకం

బేడీ, కామూ ఇద్దరూ ఒకరు చూసినది మరొకరు చూడలేదు. కామూకు పనిగంటలు తెలుసు, కూలి తెలుసు, అధికారయంత్రాంగం తెలుసు. కాని గోతులు తవ్వేవారికి ఆయన నవలలో పేర్లు లేవు. ఒరాన్‌లోని అరబ్బులు దాదాపు కనిపించరని చాలాకాలంగా ఉన్న విమర్శ ఇక్కడ మరింత బిగుస్తుంది. ఆలోచించే హక్కు, మాట్లాడే హక్కు రియూ, తారూ, రాంబేర్ వంటివారికే దక్కింది. ఎదురుచూసే జాబితాలోని మనిషి ఒక్క వాక్యమైనా మాట్లాడడు. స్త్రీలు రోగి పక్కన చేసే సేవకు కూడా నవలలో చోటు బహు తక్కువ.

బేడీకి భాగూ పేరు తెలుసు. అతని చీపురు, సారా, భార్య, బిడ్డ తెలుసు. అంటుకూ అంటరానితనానికీ ఉన్న ముడి భారతీయ రచయితగా ఆయనకు తెలిసినంతగా కామూకు తెలిసే అవకాశం లేదు. కాని భాగూను పునీతుడిగా చేసే తొందరలో అతని కూలి సంగతి బేడీ చేతిలోంచి జారిపోయింది. కామూ కూలిని లెక్కపెట్టాడు, మనిషిని మరిచాడు. బేడీ మనిషిని చూశాడు, కూలిని మరిచాడు. వృత్తిగత ప్రమాదాన్ని పూర్తిగా చెప్పే కథకు ఈ రెండూ కావాలి.

ఒక చారిత్రక ఉదాహరణ ఈ తూకానికి తోడ్పడుతుంది. సావిత్రిబాయి ఫులే 1897 మార్చి 10న పుణేలో ప్లేగుతో మరణించారు. దత్తపుత్రుడు యశ్వంత్‌తో కలిసి నడిపిన వైద్యశిబిరంలో రోగులకు సేవ చేస్తుండగా ఆమెకు వ్యాధి సోకింది. విద్యావేత్తగా ఆమె జీవితాన్ని వివరంగా చెప్పే మన పాఠ్యాంశాలు ఆ మరణాన్ని ఒక్క వాక్యంలో త్యాగంగా ముగిస్తాయి. అగ్రవర్ణాల ఇళ్లు మూసుకొన్న సమయంలో ఆ శిబిరం ఎవరికోసం అవసరమైందన్న ప్రశ్న ఆ వాక్యంలో పట్టదు.

6. 2020: 'యోధుడు' అనే పదం

2020 మార్చి 22 సాయంత్రం దేశమంతటా చప్పట్లు, గంటలు, పళ్లేలు మోగాయి. మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. తెలుగు పత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు 'కరోనా యోధులు' అన్న పదబంధాన్ని నిత్యవ్యవహారం చేశాయి. ఆ ఏప్రిల్‌లోనే చెన్నైలో కోవిడ్‌తో మరణించిన ఒక వైద్యుని ఖననాన్ని జనం రాళ్లతో, కర్రలతో అడ్డుకొన్నారు. చప్పట్లు కొట్టిన సమాజంలోనే ఇది జరిగింది. దీనిని కేవలం వైరుధ్యంగా చూడటం తేలిక. నిజానికి ఈ రెండూ ఒకే దూరం నుంచి పుట్టాయి. మేడ మీది నుంచి పూలు చల్లడానికీ, శ్మశానం గేటు దగ్గర ఆపడానికీ, రెండింటికీ ఆ మనిషి దగ్గరకు రాకూడదన్న భావమే ఆధారం. 'అంటు' అన్న పాతమాట 'యోధుడు' అన్న కొత్తమాట కింద చెక్కుచెదరకుండా ఉంది.

యుద్ధరూపకం చేసే పని మరొకటి ఉంది. యుద్ధంలో మరణం ఊహించినదే. సైనికుడు చనిపోతే శత్రువును నిందిస్తాం, కవచం ఇవ్వని సరఫరాశాఖను నిందించడం అరుదు. 2020 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తువైద్యుడొకరు ఎన్95 మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెన్షన్‌కు గురయ్యారు. యోధుడు ఆయుధం అడగవచ్చు, కాని అడిగిన తీరు విధేయంగా ఉండాలని రూపకం శాసిస్తుంది. అదే మనిషిని ఉద్యోగి అని పిలిచి ఉంటే, ఆ ప్రశ్న కార్యక్షేత్ర భద్రతను గురించిన సాధారణమైన ఫిర్యాదుగా నిలిచేది.

వృత్తిభద్రతా శాస్త్రం ప్రమాదాన్ని అరికట్టే పద్ధతులకు ఒక వరస చెబుతుంది. ప్రమాదకారణాన్ని తొలగించడం మొదటిది. గాలి వెలుతురు, గదుల అమరిక వంటి నిర్మాణపరమైన మార్పులు, పనిగంటలు, విధుల కేటాయింపు వంటి పాలనాపరమైన మార్పులు తరవాతివి. మాస్కు, తొడుగు అన్నిటికన్నా చివరివి. వీరగాథ మాత్రం ఈ వరసను తలకిందులు చేసి, రక్షణ దుస్తుల్లోని మనిషి బొమ్మనే మహమ్మారికి ముఖచిత్రం చేసింది. కిటికీ తెరవడం, అదనపు సిబ్బందిని నియమించడం ఫొటోకు అందేవి కావు.

మాటల తరతమాలు ఇంకా కింది మెట్లలో స్పష్టంగా కనిపిస్తాయి. ఇంటింటికీ తిరిగి జ్వరాల వివరాలు సేకరించిన ఆశాలను మనం 'కార్యకర్తలు' అంటాం, 'ఉద్యోగులు' అనం. వారికి ఇచ్చేది 'గౌరవవేతనం', 'పారితోషికం', 'ప్రోత్సాహకం'. వేతనం ముందు గౌరవం వచ్చి చేరితే వేతనం తగ్గుతుందన్నది ఈ సమాసం నేర్పే వ్యాకరణం. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలను అంతర్జాతీయ పురస్కారంతో గౌరవించింది. వారి ఉద్యోగ హోదా ఆ పురస్కారంతో మారలేదు. ఆసుపత్రి నేల తుడిచి, రోగి పక్కబట్టలు మార్చి, శవాన్ని సంచిలో కట్టినవారు చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్ సంస్థల మనుషులు. ఆసుపత్రి జాబితాలో పేరు లేని మనిషికి ఆసుపత్రిలో రోగం సోకిందని నిరూపించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. కామూ కాపలాదారుల పతకం, బేడీ వైద్యుని పూలదండ ఈ కాలానికి కూడా అందుబాటులోనే ఉన్నాయి.

చట్టం భాష మాత్రం ఆశ్చర్యకరంగా స్పష్టమైనది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడవ షెడ్యూలు, సంక్రమణ ప్రమాదం ప్రత్యేకంగా ఉన్న పనుల్లో సోకే అంటురోగాలను వృత్తిగత వ్యాధులుగా గుర్తించింది. ఆరోగ్యసేవలు, ప్రయోగశాలల పని అందులో చేరింది. 2020 మార్చిలో కేంద్రప్రభుత్వం వైద్యసిబ్బందికి 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. అది అవసరమైన చర్యే, ఆశాలకూ పారిశుద్ధ్య సిబ్బందికీ కూడా అందులో చోటిచ్చారు. అయితే చనిపోయిన వ్యక్తి సేవలను ప్రభుత్వం కోవిడ్ విధులకు వినియోగించుకొన్నట్టేనా అన్న వివాదాలు న్యాయస్థానాలదాకా వెళ్లాయి. ఆ సెప్టెంబరులో మరణించిన వైద్యసిబ్బంది వివరాలను పార్లమెంటులో అడిగినప్పుడు, ప్రజారోగ్యం రాష్ట్రాల అంశమని, కేంద్రస్థాయిలో అటువంటి లెక్క లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. భారతీయ వైద్యసంఘం అప్పటికి చనిపోయిన 382 మంది వైద్యుల జాబితాను స్వయంగా ప్రకటించవలసి వచ్చింది. అది వైద్యుల జాబితా. నర్సులకు, ఆయాలకు, వార్డుబాయ్‌లకు, అంబులెన్సు డ్రైవర్లకు అటువంటి జాబితా వేయగల సంఘబలం లేదు. భాగూ పేరు ఇప్పటికీ ఆ రెండవ జాబితాలోనే ఉంది.

7. ముగింపు

ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. త్యాగమన్న మాట చనిపోయినవారి కుటుంబాలకు ఓదార్పు. దానిని తీసివేస్తే వారికి మిగిలేది ఒక దస్త్రం సంఖ్య మాత్రమే కదా అనవచ్చు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తోసివేయలేం. పారిపోయే వీలుండి కూడా నిలిచినవారున్నారు. వారి నిర్ణయానికి త్యాగమన్న పేరు తగినదే. ఆ పేరు పెట్టే అర్హత కుటుంబానికి, సహచరులకు ఉంది. మాస్కు ఇవ్వవలసినవారు, పనిగంటలు తగ్గించవలసినవారు, నియామకాలు చేపట్టవలసినవారు అదే మాట అన్నప్పుడు అది ఓదార్పుగా మిగలదు, జవాబు చెప్పకుండా తప్పుకొనే దారి అవుతుంది. ఒకే మాట ఎవరి నోట వచ్చిందన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుందన్నది విమర్శకు కొత్త సూత్రం కాదు.

కోవిడ్ నేపథ్యంతో తెలుగులో కథలు, కవితలు విరివిగా వచ్చాయి, వాటి మీద పరిశోధన కూడా మొదలైంది. ఆ పరిశోధనలు మానవసంబంధాలు, వలసకార్మికులు, ఒంటరితనం వంటి శీర్షికల కింద వస్తువును వర్గీకరిస్తున్నప్పుడు, పని అనే శీర్షికను కూడా చేర్చుకోవాలి. కథలో వైద్యసిబ్బంది పాత్ర ఉంటే, ఆ పాత్రకు పేరుందా, మాట్లాడే అవకాశం ఉందా, ఆమె ఎన్నిగంటలు పనిచేస్తోంది, ఆమెకు జీతం ఎవరిస్తారు, రోగం ఆమె వెంట ఏ ఇంటికి వెళ్లింది అన్న ప్రశ్నలు వేయాలి. ఈ ప్రశ్నలకు జవాబు లేని కథ చెడ్డ కథ అని కాదు. బేడీ కథ అటువంటి గొప్ప కథే. కాని ఆ జవాబులు ఎక్కడ లేవో గుర్తించడం పాఠకుడి పని. వాటిని తరవాతి రచనల్లో వెదకడం పరిశోధకుడి పని.